మాంసం మీదికి నెట్టిన్రు.. మిలటరీ ల్యాబ్‌ను దాచిన్రు!

పొద్దున లేచి దొడ్డికి పోతే గొర్రె చచ్చి పడి ఉంటది. రాత్రి దాకా మంచిగనే మేసింది. ఇప్పుడు కడుపు ఉబ్బింది, ముక్కుల నుంచి నల్లటి రక్తం కారుతున్నది. ఇట్లాంటిది ఒక్కసారి చూసిన గొర్ల కాపరికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఇది దొమ్మ రోగం. డాక్టర్లు ఆంత్రాక్స్ అంటరు. ఆ జీవాన్ని కోయొద్దు, తినొద్దు. లోతుగ బొంద తవ్వి, సున్నం పోసి పూడ్చాలె.

1979 ఏప్రిల్‌లో సోవియట్ రష్యాల, ఉరల్ కొండల దగ్గరున్న కొన్ని ఊర్లల్ల జీవాలు గిట్లనే పడిపోయినయ్. అదే టైంల పక్కనున్న స్వెర్డ్‌లోవ్‌స్క్ సిటీల మనుషులు కూడా చచ్చిపోవుడు మొదలైంది. "రోగమొచ్చిన జీవాల మాంసం తిన్నరు, అందుకే చచ్చిన్రు" అని సర్కార్ చెప్పింది. వినెటోళ్లకు నిజమే అనిపించింది.

కానీ అసలు ముచ్చట వేరే ఉన్నది. అక్కడ మనుషులకు రోగం జీవాల నుంచి రాలేదు. మనుషులకూ, జీవాలకూ ఒకే చోటి నుంచి వచ్చింది. ఆ చోటు సిటీలనే ఉన్న ఒక మిలటరీ ల్యాబ్. ఆ సంగతి ప్రభుత్వం నోటి నుంచి రావడానికి 13 ఏండ్లు పట్టింది. ఆ 13 ఏండ్లు నింద మోసింది ఎవరు? మాంసం అమ్మినోళ్లు, మాంసం తిన్నోళ్లు.

మిలటరీ కన్ను ఎందుకు పడ్డది?

ముందు ఈ రోగం సంగతి జర తెలుసుకుందం. ఆంత్రాక్స్ ఒక బ్యాక్టీరియాతోని వస్తది. అనుకూలంగ లేనప్పుడు అది గట్టి పెంకు ఉన్న గింజ లెక్క మారిపోతది. వాటినే స్పోర్లు అంటరు. ఎండకు, వానకు తట్టుకొని మట్టిల ఏండ్లకేండ్లు అట్లనే పడి ఉంటయ్. గడ్డితోని జీవాల కడుపులకు పోయినంక మళ్లీ లేస్తయ్.

మనిషికి ఇది మూడు తొవ్వల వస్తది. మొదటిది చర్మం. చచ్చిన జీవాన్ని కోసినోళ్ల చేతుల మీద పుండు లేచి, నడుమ నల్లగ మాడినట్టు అయితది. విశాఖ ఏజెన్సీ ఊర్లల్ల ఇట్లాంటి కేసులు చాలాసార్లు వార్తల్లకు వచ్చినయ్. టైంకు మందులు వాడితే తగ్గుతది. రెండోది తిండి. రోగమొచ్చిన జీవం మాంసం సరిగ్గ ఉడకకుండ తింటే పేగులకు పట్టుకుంటది. మూడోది గాలి. స్పోర్లు ఊపిరితోని లోపలికి పోతే మనిషి బతుకుడు చాలా కష్టం. మామూలుగ ఊర్లల్ల ఈ మూడో రకం దాదాపు కనపడదు. ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి కూడా అంటుకోదు.

మిలటరీలకు కావాల్సింది సరిగ్గ ఈ మూడో తొవ్వనే. చావని గింజ, గాలిల కలిస్తే కనపడదు, పీల్చినోడు బతుకుడు కష్టం.

ఈ పని మొదలుపెట్టింది రష్యా ఒక్కటే అనుకోవద్దు. రెండో ప్రపంచ యుద్ధం టైంల జపాన్ మిలటరీ యూనిట్ 731 పేరుతోని చైనా గడ్డ మీద బతికున్న ఖైదీలకు రోగాలు ఎక్కించి చూసింది. యుద్ధమైనంక అమెరికా ఆ లెక్కలు, రికార్డులు తీసుకొని, ఆ డాక్టర్ల మీద కేసులు లేకుండ చేసింది. బ్రిటన్ 1942లో స్కాట్లాండ్ పక్కన గ్రూనార్డ్ అనే చిన్న దీవిల గొర్లను కట్టేసి, ఆంత్రాక్స్ బాంబు పేల్చి చూసింది. గొర్లు రోజులల్లనే చచ్చినయ్. మట్టిల స్పోర్లు మాత్రం ఉండిపోయినయ్. 1986లో సముద్రం నీళ్లల్ల ఫార్మాల్డిహైడ్ కలిపి ఆ దీవిని తడిపిన్రు. 1990లో గాని అది మనుషులు పోయే జాగా అని చెప్పలే. అమెరికా కూడా 1943 నుంచి ఈ పని చేసింది. 1969లో ప్రెసిడెంట్ నిక్సన్ బంద్ పెట్టిండు.

ఒక చేత్తో సంతకం.. ఇంకో చేత్తో ల్యాబ్

1972లో దేశాలన్నీ కూర్చొని ఒక ఒప్పందం రాసుకున్నయ్. రోగాలను ఆయుధాలుగ తయారుచేయొద్దు, దాచుకోవద్దు, ఉన్నవాటిని నాశనం చేయాలె. 1975 మార్చిల అది అమలుకు వచ్చింది. మన ఇండియా కూడా అందుల ఉన్నది. ఆ ఒప్పందానికి బాధ్యత తీసుకున్న మూడు దేశాలు అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్. అంటే పెద్దమనుషులల్ల సోవియట్ ఒకటి.

ఒప్పందంల ఒక పెద్ద బొక్క ఉన్నది. ఎవరు మాట తప్పిన్రో పోయి చూసెటందుకు తనిఖీ పద్ధతి పెట్టలే. ఊర్ల పంచాయితీల పెద్దమనుషులు తీర్పు చెప్పి, "అందరూ మాట మీద ఉండాలె" అని లేచిపోయినట్టు అయింది.

సంతకం తడి ఆరక ముందే, ఒకటి రెండేండ్లల్ల సోవియట్ సర్కార్ బయోప్రెపరాట్ అనే సంస్థ పెట్టింది. బయటికి అది మందులు, వ్యాక్సిన్లు తయారుచేసే సివిల్ సంస్థ. లోపల చేసేది రోగాల ఆయుధాల పని. దేశమంతా ల్యాబ్‌లు, ఫ్యాక్టరీలు లేసినయ్. వేల మంది సైంటిస్టులు, టెక్నీషియన్లు పనిచేసిన్రు. మాస్కో దగ్గర ఒబొలెన్స్క్, సైబీరియాల కొల్త్సోవో, కజకిస్తాన్‌ల స్టెప్నోగోర్స్క్, ఇట్ల ఒక్కో చోట ఒక్కో పని. ఆరల్ సముద్రంల ఒక దీవిని పరీక్షలకు పెట్టుకున్నరు. అమెరికోళ్లు కూడా చాటుకు చేస్తనే ఉంటరు, మనం ఆగితే వెనుకబడతం అన్నది అక్కడి పెద్దోళ్ల నమ్మకం. అనుమానం ఒకటి, దాని మీద రహస్యం ఒకటి. రెండూ కలిసి పని పెంచుకుంట పోయినయ్.

ఇందుల మన దేశానికి సంబంధమున్న ముచ్చట కూడా ఉన్నది. మశూచి అంటే మన ముసలోళ్లు ఇప్పటికీ "పెద్దమ్మవారు" అని భయపడతరు. ఆ రోగాన్ని లోకం నుంచి తీసేయడానికి సోవియట్ దేశం కోట్ల డోసుల వ్యాక్సిన్ ఇచ్చింది. మనకు కూడా ఇచ్చింది. అది మంచి పని, మరువొద్దు. 1980లో మశూచి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. బయోప్రెపరాట్‌ల రెండో పెద్ద ఆఫీసర్‌గ చేసి 1992లో అమెరికాకు పోయిన కెన్ అలిబెక్ తర్వాత పుస్తకం రాసిండు. అదే మశూచిని ఆయుధంగ తయారుచేసిన్రని, దానికి వాడిన రకం ఇండియా నుంచి వచ్చిందేనని, దాని పేరు ఇండియా-1967 అని ఆయన చెప్పిండు. మన దేశంల ఒక రోగి ఒంటి మీది పుండు నుంచి తీసిన క్రిమి ఇంకో దేశం ఆయుధాల గోదాంల చేరింది.

1979 ఏప్రిల్ 2, సోమవారం

స్వెర్డ్‌లోవ్‌స్క్ మాస్కోకు తూర్పున దాదాపు 1,400 కిలోమీటర్ల దూరంల ఉంటది. అప్పటికే 12 లక్షల జనం ఉన్న ఫ్యాక్టరీల సిటీ. ఇప్పుడు దాని పేరు యెకాతెరిన్‌బర్గ్. సిటీ దక్షిణం దిక్కు కాంపౌండ్ 19 అనే మిలటరీ జాగా ఉన్నది. ఇది బయోప్రెపరాట్‌ది కాదు, నేరుగ రక్షణ శాఖది. లోపల ఏం చేస్తరో చుట్టుపక్కలోళ్లకు తెల్వదు.

లోపల ఏమైందో అలిబెక్ ఇట్ల రాసిండు. ఆంత్రాక్స్ పొడి ఆరబెట్టే చోట బయటికి పోయే గాలిని వడకట్టే ఫిల్టర్ ఒకటి జామ్ అయింది. దాన్ని తీసిన్రు. కొత్తది బిగించాలె అని చీటి రాసిపెట్టిన్రు. డ్యూటీ మారేటప్పుడు ఆ మాట రిజిస్టర్ల ఎక్కలే. తర్వాత వచ్చినోళ్లు మిషన్లు చాలు చేసిన్రు. ఫిల్టర్ లేదని కనిపెట్టేసరికి కొన్ని గంటలు గడిచినయ్. బయట ఎవరికీ చెప్పలే.

ఆ రోజు గాలి ఉత్తరం నుంచి దక్షిణానికి కొట్టింది. తొవ్వల సిరామిక్ ఫ్యాక్టరీ ఉన్నది, కూలీల ఇండ్లు ఉన్నయ్. సిటీ దాటితే ఊర్లు, పొలాలు, జీవాలు.

రెండు మూడు రోజులల్ల జనం దవాఖానకు వచ్చుడు మొదలైంది. జ్వరం, దగ్గు, ఛాతిల నొప్పి, ఊపిరి ఆడకపోవుడు. డాక్టర్లు నిమోనియా అనుకున్నరు. కొందరు ఒకటి రెండు రోజులల్లనే పోయిన్రు. వారం దాటినంక శవపరీక్ష చేసిన ఫైనా అబ్రమోవా అనే డాక్టర్ ఒక శవం తల తెరిచి చూస్తే, మెదడు మీద ఎర్ర టోపీ పెట్టినట్టు రక్తం గడ్డకట్టి ఉన్నది. ఆంత్రాక్స్ అయి ఉంటదని ఆమె అప్పుడే అనుమానించింది. పరీక్షల్ల అదే తేలింది.

ఇగ సర్కార్ పని చూడండి. ఒక దిక్కు ఫైర్ ఇంజిన్లతోని ఇండ్ల కప్పులు, చెట్లు, రోడ్లు కడిగించిన్రు. వీధి కుక్కలను కాల్చి చంపిన్రు. ఆ ఏరియాల 59 వేల మందిని లెక్కకట్టి, దాదాపు 80 శాతం మందికి టీకాలు వేసిన్రు. శవాలను చున్నం కొట్టిన పెట్టెలల్ల పెట్టి, సర్కార్ కనుసన్నలల్ల స్మశానంల ఒక మూలకు పూడ్చిన్రు. ఇంకో దిక్కు తనిఖీ లేని మాంసం కొనొద్దు, తినొద్దు అని పోస్టర్లు వేసిన్రు. మాంసం తింటే వచ్చిన రోగమైతే ఇండ్ల కప్పులు ఎందుకు కడగాలె? ఈ ప్రశ్న అప్పుడు చాలామందికి వచ్చే ఉంటది. అడిగే ధైర్యం లేదు. కేజీబీ పోలీసులు దవాఖానల రికార్డులు పట్టుకపోయిన్రు.

మనకు తెలిసినంత వరకు కనీసం 66 మంది చచ్చిపోయిన్రు.

సగం నిజం ఉన్న అబద్ధం

బయటి దేశాలకు ఈ వార్త తెలిసి, 1980లో అమెరికా గట్టిగ అడిగింది. సోవియట్ సర్కార్ మాంసం కథనే చెప్పింది. 1988లో అయితే సీనియర్ డాక్టర్లు అమెరికాకే పోయి, బొమ్మలు, లెక్కలు చూపెట్టి మరీ చెప్పిన్రు.

ఆ కథ నిలబడ్డది ఎందుకంటే అందుల సగం నిజం ఉన్నది. ఆ ప్రాంతంల జీవాలకు ఆంత్రాక్స్ అంతకుముందు నుంచే ఉన్నది. మాంసంతోని మనుషులకు వస్తది అన్నదీ నిజమే. ఆ ఏప్రిల్‌ల ఊర్లల్ల జీవాలు చచ్చిన మాట కూడా నిజమే. ఇన్ని నిజాల నడుమ ఒక్క అబద్ధం పెట్టిన్రు.

నమ్మినోళ్లల్ల చిన్నోళ్లు లేరు. మాథ్యూ మెసెల్సన్ అని హార్వర్డ్ యూనివర్సిటీల పెద్ద సైంటిస్టు. అమెరికా తన రోగాల ఆయుధాలను వదులుకోవాలని సర్కార్‌ను ఒప్పించడానికి కొట్లాడిన మనిషి. ఆయన కూడా మాంసం కథ నమ్మదగ్గట్టే ఉన్నదని అప్పట్ల అన్నడు. కానీ ఆయన అక్కడ ఆగలే. నేను సొంతంగ పోయి చూస్తా అని అడుగుతనే ఉన్నడు.

నిజం ఎట్ల బయటపడ్డది?

1991 ఆఖరుకు సోవియట్ యూనియన్ కూలిపోయింది. 1992 మేల రష్యా ప్రెసిడెంట్ బోరిస్ యెల్త్సిన్ ఆ చావులకు మిలటరీ పనే కారణమని ఒప్పుకున్నడు. 1979లో ఆ ప్రాంతానికి కమ్యూనిస్ట్ పార్టీ పెద్ద ఎవరో తెలుసా? ఇదే యెల్త్సిన్.

ఒప్పుకోలు ఒక్కటే సరిపోదు. నేడు ఒకటి చెప్పే లీడర్ రేపు ఇంకోటి చెప్తడు. రుజువు కావాలె. ఆ రుజువును మూడు రకాల మామూలు మనుషులు ఇచ్చిన్రు.

మొదట డాక్టర్లు. కేజీబీ కాగితాలు పట్టుకపోయినా, అబ్రమోవా, ఆమెతోని పనిచేసిన లెవ్ గ్రిన్‌బర్గ్ శవాల నుంచి తీసిన కండ ముక్కలను, స్లైడ్లను, తాము రాసుకున్న నోట్స్‌ను కాపాడిన్రు. దొరికితే ఏమైతదో వాళ్లకు తెల్వనిది కాదు. 42 మంది శవపరీక్షల వివరాలను 1993లో లోకానికి చూపెట్టిన్రు. దెబ్బతిన్నది ఎక్కడ? ఛాతి లోపల, ఊపిరితిత్తుల నడుమ ఉండే గ్రంథులు. అంటే రోగం లోపలికి పోయింది గాలితోని.

రెండోది కుటుంబాలు. 1992లో మెసెల్సన్ టీం ఆ సిటీకి పోయింది. ఆయన భార్య జీన్ గిల్లెమిన్ సమాజ శాస్త్రం చదివిన మనిషి. చనిపోయినోళ్ల పేర్ల లిస్టు పట్టుకొని, స్మశానంల రాళ్ల మీద తేదీలు చూసి, ఇల్లిల్లు తిరిగింది. మీ ఆయన ఎక్కడ పనిచేసెటోడు? ఏ షిఫ్టు? ఆ సోమవారం పొద్దున ఎక్కడున్నడు? మాంసం ఎక్కడ కొన్నరు? 13 ఏండ్లయినా ఆ ఇండ్లల్ల ఆ రోజులు ఎవరూ మరువలే.

ఆ జవాబులను మ్యాప్ మీద చుక్కలు పెట్టుకుంట పోయిన్రు. మాంసంతోని వస్తే చుక్కలు సిటీ అంతటా చెదిరి ఉండాలె. అట్ల లేవు. పగటి పూట వాళ్లున్న జాగాలు దాదాపు అన్నీ కాంపౌండ్ 19 నుంచి దక్షిణానికి 4 కిలోమీటర్ల సన్నటి పట్టీల పడ్డయ్. మాంసంతోని వస్తే ఇంట్ల పిల్లలకు కూడా రావాలె. కానీ 24 ఏండ్ల కంటే చిన్నోళ్లు ఒక్కరూ లేరు. పక్క మిలటరీ క్యాంపుకు ట్రైనింగ్ కోసం పగటిపూట వచ్చిపోయినోళ్లు కొందరికి కూడా రోగమొచ్చింది. ఆ ట్రైనింగ్ మొదలైంది ఏప్రిల్ 2 సోమవారం నాడే. వాతావరణ రికార్డులు తీస్తే, గాలి ఆ పట్టీ వెంబడి సరిగ్గ కొట్టింది కూడా ఆ రోజే.

మూడోది ఊర్లు. చచ్చిన జీవాల లెక్క పశువుల డాక్టర్ల రికార్డులల్ల ఉన్నది. 6 ఊర్లు, 50 కిలోమీటర్ల దూరం దాకా. మ్యాప్ మీద పెడితే, సిటీల మనుషులు చచ్చిన గీతకు నేరుగ కొనసాగింపు. ఏ జీవాల మీద సర్కార్ నింద వేసిందో ఆ జీవాలే సాక్ష్యం చెప్పినయ్.

1994లో ఇదంతా అచ్చయింది. బయటికి పోయిన స్పోర్ల బరువు ఎంత ఉంటదో కూడా వాళ్లు లెక్కకట్టిన్రు. కొన్ని మిల్లీగ్రాముల నుంచి ఒక గ్రాము లోపు. దానికే 66 మంది. ఆ రోజు గాలి ఉత్తరానికి తిరిగి సిటీ నడుమకు కొట్టి ఉంటే ఎంత ఘోరం జరిగేదో ఆలోచించండి.

రష్యా సర్కార్ చనిపోయినోళ్ల కుటుంబాలకు పింఛన్ ఇచ్చేటట్టు 1992లో చట్టం చేసింది. కాంపౌండ్ 19 గేట్లు మాత్రం మెసెల్సన్ టీంకు తెరవలే.

మనం పట్టుకోవాల్సింది ఏంది?

ఈ కథ చదివినంక మన ఫోన్లకు వచ్చే ప్రతి ఫార్వర్డ్‌ను నమ్మాలె అని కాదు. ఏ కొత్త జ్వరం వచ్చినా "ఇది ల్యాబ్‌ల పుట్టించిన్రు" అని ఒక వీడియో వస్తది. సర్కార్ చెప్పింది కాబట్టి నిజం అనుకునుడు ఎంత తప్పో, సర్కార్ చెప్పింది కాబట్టి అబద్ధం అనుకునుడు కూడా అంతే తప్పు. స్వెర్డ్‌లోవ్‌స్క్ అబద్ధాన్ని పగలగొట్టింది అరుపులు కాదు. ఎవరు, ఎక్కడ, ఏ రోజు, ఆ రోజు గాలి ఎటు అన్న నాలుగు ప్రశ్నలు. వీడియో పంపినోడిని ఇవే అడగండి. జవాబు ఉంటే వినండి. లేకపోతే ముందుకు పంపకండి.

సర్కార్‌ను కూడా ఇవే అడగాలె. ఊర్ల నలుగురు ఒకేసారి పడిపోతే మొదట వచ్చే మాట "ఏం తిన్నరో, ఏం తాగిన్రో". పేదోళ్ల తిండి మీద నింద వేసుడు అన్నిటికంటే అలకటి పని. కొన్నిసార్లు అది నిజం కూడా కావచ్చు. దొమ్మ రోగంతోని చచ్చిన గొర్రెను కోస్తే రోగం వస్తది, అందుల అనుమానం లేదు. కానీ ఆ మాట అనేటోళ్లు నీళ్లు పరీక్ష చేసిన్రా, గాలి చూసిన్రా, పక్కన ఫ్యాక్టరీల ఏమైందో అడిగిన్రా? రిపోర్టు జనానికి చూపెట్టిన్రా? ఇవి అడిగే హక్కు మనకు ఉన్నది.

1972 ఒప్పందానికి నేటికీ తనిఖీ చేసే వ్యవస్థ లేదు. ఏ దేశం గోడల వెనుక ఏం జరుగుతున్నదో పోయి చూసే అధికారం ఎవరికీ ఇయ్యలే. ఇట్లాంటప్పుడు మనకు మిగిలింది రాసిపెట్టుకునే మనుషులే. మీ మందల ఒక గొర్రె పోయినా పశువుల దవాఖానకు చెప్పండి, తేదీ రాయించండి. ఇంట్ల మనిషి పోతే దవాఖాన కాగితాలు పారేయకండి. ఉరల్ కొండల పక్కన 6 ఊర్లల్ల ఎవరో పశువుల డాక్టర్ చచ్చిన గొర్ల లెక్క రాసిపెట్టిండు. ఆ రోజు ఆయనకు అది రోజువారీ డ్యూటీ మాత్రమే. 13 ఏండ్ల తర్వాత ఒక పెద్ద దేశం చెప్పిన అబద్ధాన్ని ఆ రిజిస్టరే పట్టిచ్చింది.